అట్టకంటించిన చీటీ

మద్దమ్మ కూతురి మొటిమల చీటీకి ఆ నేతగాళ్ళ వీధిలో ఉన్న మర్యాద రేషన్ కార్డుకు కూడా లేదు. రేషన్ కార్డు ఎవరిది వాళ్ళకే ఉంటుంది, పక్కింటికి పోయి అడిగే పని లేదు. ఈ చీటీని మాత్రం అడిగి తీసుకుపోతారు, పని కాగానే భద్రంగా తెచ్చిస్తారు, వచ్చేటప్పుడు వట్టి చేతులతో రాకుండా దోసెడు వేరుశనక్కాయలో నాలుగు నిమ్మకాయలో కొంగున కట్టుకొస్తారు. రెండేళ్ళ కిందట కర్నూలులో చర్మం డాక్టరమ్మ ప్రమీలారాణికి రాసిచ్చిన చీటీ అది. ముఖం నిండా కురుపుల్లాంటి మొటిమలతో, కాలేజీకి చున్నీ కప్పుకొని పోయే పిల్ల, ఆరు నెలలు తిరిగేసరికి చున్నీ భుజం మీదికి దించింది. ఎమ్మిగనూరులో ఆ వీధి వీధంతా ఆ మార్పును కళ్ళారా చూసింది. ఇంక చీటీకి పేరు రాకుండా ఎట్లా ఉంటుంది?

కాగితం నలిగిపోతుందని మద్దమ్మ అప్పుడే దానికొక ఏర్పాటు చేసింది. మగ్గం మీద పాతబడి తీసేసిన జాకార్డు అట్టలు రెండు పక్కపక్కన చేర్చి, పడుగుకు పట్టించే గంజినే ఇంకొంచెం చిక్కగా కలిపి, చీటీని వాటి మీద చదునుగా అంటించి, నీడలో ఆరబెట్టింది. నేతపని చేసే ఇళ్ళలో నిలవాల్సిన కాగితం ఏదైనా అంతే. చీర డిజైనైనా, పిల్లల మార్కుల కాగితమైనా అట్ట ఎక్కాల్సిందే. ఆ అట్టను వెనక్కి తిప్పితే జాకార్డు బెజ్జాలు వరసలు వరసలుగా ఉంటాయి. ఆ బెజ్జాల్లో అక్కడక్కడా నీలి చుక్కలు కనపడేవి. అవేమిటని ఇచ్చిన మద్దమ్మా చూసుకోలేదు, పుచ్చుకున్నవాళ్ళూ అడగలేదు.

మంగళవారం పొద్దున మద్దమ్మ, తన భర్త రామప్ప మోకాలికి పూసుకునే మందు కోసం, బజారుకు పోయింది. మెడికల్ షాపులో శివజ్యోతి ఒక్కతే ఉంది. ఫార్మసీ చదివి, మొన్న ఉగాదికి ఆ షాపులో చేరిన పిల్ల. ట్యూబును కవరులో వేస్తూ అడిగింది.

"మద్దమ్మక్కా, మీ వీధిలో మొటిమల మందుల అట్ట ఒకటి తిరుగుతాంది గదా. అది నీదేనా?"

మద్దమ్మ ముఖం వెలిగింది. "నాదే పాపా. మా ప్రమీలది. నీకేమన్నా కావాల్నా? ఇప్పుడు నా దగ్గర ల్యా. సుబ్బలక్ష్మమ్మ మనవనికని తీస్కపోయింది. తెప్పిచ్చిస్తాలే."

శివజ్యోతి నవ్వలేదు. "సుబ్బలక్ష్మమ్మ దగ్గర ల్యా. నిన్న ఉరుకుందమ్మ తెచ్చింది దాన్ని. కోడలికంట. ఒక నెల ఇంకో షాపులో తెచ్చి మింగిచ్చిందంట, రెండో నెలకి ఇయ్యమన్యాది. నేనియ్యలేదు. తిట్టుకుంటా పోయింది."

"ఏంటికియ్యలేదు? ఊరికే ఇయ్యమన్యాదా?"

శివజ్యోతి వెనక్కి తిరిగి, పై అరలోంచి ఒక చిన్న డబ్బా తీసి గాజుబల్ల మీద పెట్టింది. "ఆ చీటీలో మూడు రకాలు రాసుండారు. పగలు పూసుకునేది ఒకటి, పడుకునేటప్పుడు పూసుకునే జెల్లు ఒకటి. మూడోది ఈ మాత్ర. మొండి మొటిమలకి దీన్ని మించింది ల్యా. మీ ప్రమీలకి తగ్గింది దీంతోనే. అయితే కడుపుతో ఉన్న ఆడమనిషి దీన్ని మింగితే బిడ్డకు చేటు. తల, గుండె, చెవులు సరిగ్గా ఏర్పడవు. ఇది వాడినన్ని దినాలూ, ఆపినాక ఇంకో నెలా కడుపు రాకుండా చూసుకోవాల. అందుకే డాక్టర్లు అన్నీ అడిగి, పరీక్ష చేసి గాని రాయరు."

"మా ప్రమీల ఆరు నెలలు మింగింది."

"ప్రమీలకి పెండ్లి కాలేదు గదక్కా. ఉరుకుందమ్మ కోడలికి పెండ్లయి మూడు నెలలు." డబ్బాను మళ్ళీ అరలో పెడుతూ శివజ్యోతి అడిగింది. "ఆ డాక్టరమ్మ మీకు చెప్పలేదా?"

"ఏమీ చెప్పలేదు," అంది మద్దమ్మ గట్టిగా. అన్నాక ఆ గట్టితనం ఆమెకే నచ్చలేదు. నాలుగడుగులు వేశాక గాని మోకాలి మందు బల్ల మీదే మరిచిపోయిన సంగతి గుర్తు రాలేదు.

ఇంటికి వచ్చేసరికి రామప్ప గుంతమగ్గంలో కాళ్ళు పెట్టుకొని చీర అంచు దగ్గర తెగిన పోగు అతుకుతున్నాడు. మద్దమ్మ చెప్పులు విడిచీ విడవకముందే కర్నూలు హాస్టల్లో ఉన్న కూతురికి ఫోను చేసింది. బీఎడ్ క్లాసు మధ్యలోంచి బయటికొచ్చి ప్రమీల గొంతు తగ్గించి మాట్లాడింది.

"డాక్టరమ్మ చెప్పకపోవడమేమి మా? నీకు చెప్పబోతేనే గదా నువ్వు లేచింది. 'నెల నెలా సరిగ్గా బయట చేరుతాండావా, పెండ్లేమన్నా కుదిరిందా, కడుపొచ్చే వీలేమన్నా ఉండాదా' అని ఆయమ్మ నన్ను అడిగితే, 'మా పిల్లను ఏమనుకున్యావు' అని కయ్యానికి దిగితివి. బయటికి పోయి కూర్చుంటివి. నువ్వు పోయినాక అన్నీ నాకు చెప్పి, సంతకం పెట్టిచ్చుకుంది. మీ అమ్మకి చదివి వినిపీమని చీటీ వెనకాల తెలుగులో రాసిచ్చింది."

"వెనకాలనా?"

"వెనకాలే. నేను చదివి చెప్పకముందే నువ్వు గంజి పూసి అంటిచ్చేస్తివి. మింగేది నేనే గదా, నాకు తెలుసు గదా అని నేనూ ఊరుకుంటి." ప్రమీలకు ఏదో తట్టింది. "ఎవరికన్నా ఇచ్చినావా మా?"

"ఇయ్యనోళ్ళెవరే," అంది మద్దమ్మ.

ఆ మాట అన్న గొంతు విని రామప్ప నేసే నాడె పక్కన పెట్టాడు. సంగతంతా విన్నాడు. చెడ్డవాడు కాదు రామప్ప, జాగ్రత్తపరుడు. జాగ్రత్త ఎక్కువైనవాళ్ళు ఒక్కోసారి చెడ్డవాళ్ళ మాటే మాట్లాడతారు.

"పోయి చెప్పినావనుకో. రేపు ఆ పిల్లకి ఏమైనా గానీ, మద్దమ్మ చీటీతోనే అయిందంటుంది. ఉరుకుందమ్మ నోరు తెల్దా నీకు? వీధిలో తల ఎత్తుకోనియ్యదు. చెప్పకుంటే నీకు తెల్దన్నట్టే. తెలీనోళ్ళని ఎవరేమంటారు?"

"నాకు తెలుసు గదా ఇప్పుడు."

"తెల్దనుకో."

మద్దమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టసాగింది. ముప్పై ఏళ్ళుగా కళ్ళు మూసుకొని చేసే పని. ఆ మధ్యాహ్నం మాత్రం పోగు పదేపదే తెగింది. మూడు నెలల కింద ఉరుకుందమ్మ ఇంటి ముందు పందిట్లో తను వేసిన అక్షింతలు, పెళ్ళిపీటల మీద తల వంచుకొని కూర్చున్న ఆ కోడుమూరు పిల్ల గుర్తుకొచ్చాయి. ఆమెకు నిజంగా భయమేసింది.

బుధవారం అన్నం వేళకు కాస్త ముందుగా మద్దమ్మ ఉరుకుందమ్మ ఇంటికి పోయింది. రెండిళ్ళ మధ్య ఎనిమిది గడపలు. ఆ ఎనిమిది గడపలూ దాటేలోపు చెప్పాల్సిన మాటలు మూడుసార్లు కూర్చుకుంది.

"రా మద్దక్కా! నీకు నూరేండ్లు. ఇప్పుడే నిన్ను అనుకుంటాంటి," అంది ఉరుకుందమ్మ, పీట జరిపి. కొడుకు గోపీ చీరల మూట తీసుకొని ఆదోనికి పోయాడట. మగ్గం ఖాళీగా ఉంది. కోడలు అంజలి గోడవారగా రాట్నం పెట్టుకొని కండెలు చుడుతోంది. మొటిమలు ఎక్కువగా ఉన్న చెంప గోడవైపుకు ఉండేలా కూర్చుంది. రాట్నం అట్లా పెడితే కుడిచెయ్యి గోడకు తగులుతుంది, పని కష్టం. అయినా అట్లాగే కూర్చుంది.

"మా కోడలి మొగం చూస్తాండావు గదా? పెండ్లిచూపుల నాడు కోడుమూరోళ్ళు పౌడరు మెత్తి కూర్చోబెట్టినారు. మనం చూసింది పౌడరునే. నీ చీటీ ప్రకారం నెల దినాల నుంచి నా చేత్తోనే ఇస్తాండా మాత్రలు. ఈ మొగానికి అవి కూడా పని చేస్తాండేటట్టు ల్యా." మాట వెంటనే గొంతు తగ్గించి, ముందుకు వంగి నవ్వింది. "ఇంకోటి చెప్తా, ఎవరితోనూ అనొద్దు. నెల తప్పి ఐదు దినాలైంది. సీమంతం నాటికి ఆ మొగం నున్నగా కావాల. అంతవరకు మాత్రలు మానిపీను."

మద్దమ్మకు కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "ఉరుకుందమ్మా, ఆ మాత్రలు... కడుపుతో ఉన్నోళ్ళకి..."

"నువ్వు గూడా మొదలుపెట్టినావా?" ఉరుకుందమ్మ చెయ్యి విదిలించింది. "మొన్న ఆ షాపు పిల్ల అదే పాట. ఇంట్లో ఈయమ్మ అదే పాట. చదువుకున్నోళ్ళకి అన్నీ భయాలే. నీ కూతురు ఆరు నెలలు మింగలేదా? దానికేమన్నా అయిందా? నేను నమ్మింది నిన్నుగాని, వాళ్ళని కాదు."

ఎవరైనా అనుమానిస్తే కసిరి చెప్పొచ్చు. ఇంతగా నమ్మినదాన్ని ఎట్లా కాదనేది? మద్దమ్మ లేచి, గూట్లో నిలబెట్టి ఉన్న తన అట్టను తీసింది. వెనక్కి తిప్పి వెలుతురుకు పట్టుకుంది. రెండేళ్ళలో మొదటిసారి ఆ నీలి చుక్కల్ని చూసింది. ఒక బెజ్జంలో కొమ్ము తోక, ఒక బెజ్జంలో సున్నా ముక్క. అక్షరాలే అవి. అట్టను ఉన్నచోటే పెట్టి మళ్ళీ కూర్చుంది.

అన్నాలయ్యాయి. ఉరుకుందమ్మ లోపలికి పోయి మాత్రల రేకు తెచ్చింది. రేకు మీద ఏదో పటం, ఇంగ్లీషు రాతలు. ఒక మాత్ర నొక్కి తీసి కోడలి అరచేతిలో పెట్టి, మజ్జిగ గ్లాసు అందించి, ఎదురుగా నిలబడింది. అంజలి మాత్ర నోట్లో వేసుకొని, మజ్జిగ తాగి, గ్లాసు బోర్లించి చూపించింది. మద్దమ్మ కళ్ళు మూసుకోబోయి ఆగిపోయింది. ఆ పిల్ల మూతికంటిన మజ్జిగ తుడుచుకుంటుంటే పెదవులు కనపడ్డాయి.

నున్నగా ఉన్నాయి. ప్రమీలకు పది రోజులకే పెదవులు బీటలు వారాయి. మాట్లాడితే నెత్తురు చిమ్మేది. ఆరు నెలలూ పూటకోసారి నెయ్యి రాసింది తనే. ఆ మాత్ర ఒంట్లోకి పోయిందనడానికి అదే గుర్తని డాక్టరమ్మ ప్రమీలతో అందట. ఈ పిల్ల నెల రోజులుగా మింగుతోందట, పెదవులేమో అప్పుడే వెన్న రాసినట్టున్నాయి.

ఎంగిలి గిన్నెలు తీసుకొని అంజలి పెరట్లోకి పోయింది. ఉరుకుందమ్మ చాపేసి నడుం వాల్చింది. నీళ్ళు తాగొస్తానని మద్దమ్మ పెరట్లోకి నడిచింది.

"మా ప్రమీలకి పది దినాలకే పెదవులు పగిలినాయి," అంది తొట్టి పక్కన నిలబడి, మెల్లగా. "నీవి బాగుండాయి."

బూడిద పట్టిన చెయ్యి గిన్నె మీద ఆగిపోయింది. అంజలి ఇంటివైపు ఒకసారి చూసింది. తర్వాత తల పక్కకు తిప్పి, బుగ్గలోంచి మాత్రను అరచేతిలోకి తీసింది. మెత్తబడి, కొంచెం ఉబ్బి ఉంది. దాన్ని నీళ్ళతో కడిగి, కొంగుతో తుడిచి, చూరు కింద వేలాడే పాత కండెల బుట్టలోంచి అగ్గిపెట్టె తీసి అందులో వేసింది.

"ఇరవై ఆరు," అంది.

మద్దమ్మ తొట్టి గట్టు మీద కూర్చుండిపోయింది. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆ క్షణంలో ఆ పిల్లను పట్టుకొని ముద్దుపెట్టుకోవాలనిపించింది, చేతులు రాలేదు. "పారెయ్యకుండా ఏంటికి దాచినావు?"

"రేపు ఏమన్నా అయితే నేను మింగలేదని చూపియ్యాల గదా మద్దత్తా."

"మీ అత్తకి చెప్పకపోయినావా?"

"మొదటి దినమే చెప్పినా. రేకు మీద కడుపుతో ఉన్నోళ్ళు మింగగూడదని రాసుండాది. ఇంటర్లో బైపీసీ చదివినా, ఆ మాత్రం తెలుస్తుంది. చదివి చెప్తే, 'మద్దమ్మ కూతురికి కాని చేటు నీకే వచ్చిందా' అన్యాది. ఆయనకి చెప్పినా. అమ్మకి నేను చెప్పలేను, నువ్వే ఎట్లన్నా చూసుకో అన్యాడు." గిన్నె కడిగి బోర్లించింది. "చూసుకుంటాండా."

"నాతో ఒక మాటంటే..."

"మీరు నమ్ముతారా?"

ఆ అడగడంలో కోపమేమీ లేదు. మంచినీళ్ళు వచ్చినాయా అని అడిగినట్టు అడిగింది. అందుకే మద్దమ్మకు గట్టిగా తగిలింది. నమ్మేది కాదు. తన చీటీని తప్పుపట్టిన కోడలిపిల్లను వీధంతా తిరిగి ఎగతాళి చేసి ఉండేది.

"అత్తకి చెప్పొద్దు మద్దత్తా. మాట వినలేదని తెలిస్తే మా అమ్మోళ్ళని పిలిపిచ్చి నిలబెడుతుంది."

"చెప్పను," అంది మద్దమ్మ.

సాయంత్రం రామప్ప విని పెద్దగా ఊపిరి వదిలాడు. "ఇంకేమి? బిడ్డ బాగుండాది. నీ పేరూ బాగుండాది. చల్లగా ఊరుకో ఇంక."

మద్దమ్మ రేపటికి కావాల్సిన కండెలు బుట్టలో సర్దుతోంది.

"రేపు ఇంకో మాత్ర ఇస్తుంది. ఎల్లుండి ఇంకోటి. ఆ పిల్ల ఎన్ని దినాలని బుగ్గన పెట్టుకోవాల? ఒక పొద్దు గొంతులోకి జారితే?"

"జాగ్రత్త గల పిల్ల గదా."

"ఆ అట్ట అవతలింటికి పోతుంది. ఆ ఇంట్లో పిల్లకి చదువు రాదనుకో. నన్ను నమ్మి మింగుతుంది." కండెల బుట్టను పక్కకు నెట్టింది. "ఆ పిల్ల నోరు మూసింది వాళ్ళత్త కాదు. నా పేరు."

అన్నం తినేటప్పుడు రామప్ప, "రేపు నేనూ రావాల్నా?" అని అడిగాడు. అక్కర్లేదంది.

గురువారం పొద్దున మద్దమ్మ ఉరుకుందమ్మ ఇంటికి పోయి కూర్చోకుండానే, "వెడల్పు పళ్ళెంలో నీళ్ళు తీస్కరా," అంది. ఎందుకో అర్థం కాక ఉరుకుందమ్మ తెచ్చిపెట్టింది. మద్దమ్మ గూట్లోంచి అట్ట తీసి నీళ్ళలో పరిచింది.

"ఏమ్మే! చీటీ పాడైపోతుంది!" ఉరుకుందమ్మ చెయ్యి పట్టుకోబోయింది.

"కానియ్యి. గంజి నాననియ్యి."

గంజి పట్టించడం తెలిసిన చేతులకు ఊడదీయడమూ తెలుసు. మద్దమ్మ తొందరపడలేదు. అంచులు తెల్లగా ఉబ్బేదాకా ఆగింది. బొటనవేలితో ఒక మూలను మెల్లగా లేపి, అరచేతితో నీళ్ళు పోస్తూ, చంటిబిడ్డ ఒంటికి అంటుకున్న గుడ్డ తీసినట్టు చీటీని విడదీసింది. అట్టలు రెండూ వేరై పళ్ళెంలో తేలాయి. కాగితాన్ని తిప్పి గచ్చు మీద పరిచింది. వెనక పక్కంతా బాల్‌పెన్ను రాత. పేజీ నిండా ఉంది. కొంచెం అలుక్కుపోయినా చదవడానికి వస్తుంది.

"ఇది రెండేండ్ల నుంచి ఈడనే ఉండాది. నేనే అంటిచ్చి మూసేసినా," అంది మద్దమ్మ. "డాక్టరమ్మ చెప్తాంటే వినకుండా కయ్యమాడి లేచిపోయినా. నాకు చదువు రాదు, నీకూ రాదు. అంజలీ, నువ్వు చదువమ్మా."

అంజలి రాట్నం దగ్గర నుంచి లేచి వచ్చింది. ఎప్పటిలా గోడవైపు తిరగలేదు, కాగితం ముందు కూర్చుని వంగింది. రెండో మాట నుంచి గొంతు నిలకడగా వచ్చింది.

"'ఈ మందులు ప్రమీలారాణికి మాత్రమే. ఇంకెవరికీ ఇవ్వకూడదు. పెళ్ళయి బిడ్డ కావాలనుకునేవాళ్ళు ఈ మాత్రలు అసలు మింగకూడదు. కడుపులో బిడ్డకు అవకరం వస్తుంది. మాత్రలు ఆపాక ఒక నెల గడిచేదాకా గర్భం రాకూడదు. నెల నెలా రక్తపరీక్ష చేయించుకోవాలి. అమ్మా, మీ అమ్మాయిని అవమానించాలని అడగలేదు. అడగడం నా పని.'"

చివరి మాట మద్దమ్మ కోసం రాసింది. రెండేళ్ళు ఆలస్యంగా చేరింది. మద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఉరుకుందమ్మ తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంటూ నిలబడింది. "నా చేత్తోనే ఇచ్చినా," అంది. "దినామూ. ఎదురుగా నిలబడి మింగిచ్చినా." గోడకు జారగిలపడింది. "నిన్ను నమ్మి గదే మద్దీ!"

"నా తప్పే. ఎవరినన్నా తిట్టాలంటే నన్ను తిట్టు. వీధిలో నిలబెట్టి తిట్టు, నేను మాట్లాడను."

ఉరుకుందమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే మద్దమ్మకు సులువుగా ఉండేది. ఆమె రెండు చేతులతో పొట్ట పట్టుకొని, ఆ బిడ్డను తనే మోస్తున్నట్టు ఏడ్చింది. ఒక్క మాటతో ఆ ఏడుపు ఆపొచ్చు. ఆ మాట మద్దమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది తన మాట కాదు, చెప్పనని మాటిచ్చింది. అంజలి వైపు చూసి, చూపు దించుకుంది.

అంజలి లేచి పెరట్లోకి పోయింది. తిరిగొచ్చి, అగ్గిపెట్టె తెరిచి, అత్త ఒడిలో కుమ్మరించింది. మాత్రలు కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

"ఇరవై ఆరు. లెక్కపెట్టుకో అత్తా."

ఉరుకుందమ్మకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక నిజంగానే లెక్కపెట్టింది. అతుక్కున్నవాటిని గోటితో విడదీసి మరీ లెక్కపెట్టింది.

"బుగ్గన పెట్టుకుంటివా?"

"ఊఁ."

"మజ్జిగ తాగేటప్పుడు గూడా?"

"ఊఁ."

"నా కండ్ల ముందరే!" కోపం రావాల్సిన చోట ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ముక్కు చీదుకుంది. "మాత్రలు పనిచేస్తాండలేదని ఇన్ని తిట్లు తిడితిని. ఒక్క మాటన్నా నాతో అనొచ్చు గదా పిల్లా."

"అన్యా అత్తా," అంది అంజలి. "మొదటి దినమే అన్యా."

పళ్ళెంలో అట్టలు రెండూ నీళ్ళు పీల్చుకొని అడుక్కి దిగాయి. ఉరుకుందమ్మ ఒడిలోని మాత్రల్ని పోగు చేసి, రేకులో మిగిలినవి కూడా నొక్కి తీసి, అన్నింటినీ అగ్గిపెట్టెలో వేసింది. ఏం చెయ్యాలో తెలియక దాన్ని కోడలికే ఇచ్చింది.

శనివారం ముగ్గురూ కర్నూలు బస్సెక్కారు. బస్సెక్కే ముందు మెడికల్ షాపులో ఆగితే, శివజ్యోతి ఆ అగ్గిపెట్టెను తీసుకొని పక్కన పెట్టి, తొందరగా డాక్టరుకు చూపించమని చెప్పింది. దారి పొడుగునా మద్దమ్మకు ఒకటే బెంగ, డాక్టరమ్మ తనను గుర్తుపడుతుందేమోనని. గుర్తుపట్టింది. "అమ్మాయి ఎట్లా ఉంది?" అని మాత్రం అడిగింది.

మూత్రపరీక్ష చేసి, కడుపుతోనే ఉందని తేల్చారు. డాక్టరమ్మ అంజలి ముఖాన్ని దీపం కింద చూస్తూ వరసగా అడగసాగింది. చివరిసారి ఎప్పుడు బయట చేరావు, ఇంతకుముందు ఏమి పూశావు, ఏమి మింగావు? ఉరుకుందమ్మ ముందుకు జరిగి నోరు తెరిచింది. మద్దమ్మ ఆమె మోచెయ్యి పట్టుకొని నొక్కింది. ఉరుకుందమ్మ నోరు మూసుకుంది.

"ఏమీ మింగలేదు మేడం," అంది అంజలి. తర్వాత అన్నింటికీ తనే జవాబు చెప్పింది.

"మంచిది. బిడ్డ పుట్టేదాకా మాత్రలు వద్దు, పడుకునేటప్పుడు పూసుకునే ఆ జెల్లూ వద్దు. ఈ క్రీము రెండు పూటలా పలచగా రాసుకో. కడుపుతో ఉన్నా భయం లేదు. నిదానంగా తగ్గుతుంది. బిడ్డకు పాలు మాన్పించాక ఇంకా మొండికేస్తే, అప్పుడు మాత్రల సంగతి మాట్లాడుకుందాం. అప్పుడు కూడా వాడాలా వద్దా అన్నది నువ్వు చెప్పు."

"సీమంతానికి నున్నగా అవుతుందా అమ్మా?" ఉరుకుందమ్మ ఆపుకోలేకపోయింది.

"కొంత తగ్గొచ్చు. తగ్గకపోయినా సీమంతం ఆగదు కదా."

ఉరుకుందమ్మ కోడలి ముఖంలోకి చూసింది. గోడవైపు తిప్పని ముఖాన్ని అంత వెలుతురులో చూడడం ఆమెకదే మొదలు. "ఏంటికాగుతుంది," అంది. తనకు తానే చెప్పుకుంది.

మందు కొనుక్కొని బస్టాండుకు వచ్చారు. ఎమ్మిగనూరు బస్సు ఇంకా రాలేదు. బెంచీ మీద కూర్చోగానే ఉరుకుందమ్మ అలవాటుగా చెయ్యి చాపింది.

"ఆ చీటీ ఇట్లియ్యి పిల్లా. నలిగిపోతుంది. ఇంటికి పోతానే అట్టకంటిస్తా."

మద్దమ్మ చప్పున ఆమె వైపు తిరిగింది. ఏమీ అనలేదు. అనాల్సింది తను కాదు.

అంజలి చీటీని విప్పింది. ముందువైపు ఒకసారి చదివింది, తిప్పి వెనకవైపు చదివింది. రెండు మడతలు పెట్టి తన సంచిలో వేసుకుంది.

"వద్దులే అత్తా. రెండు పక్కలా చదువుకోవాల."

ఉరుకుందమ్మ చాచిన చేతిని ఒళ్ళో పెట్టుకుంది. బస్సొచ్చింది. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంటే, "నువ్వు కూర్చో, గాలి తగులుతుంది," అని కోడల్ని ముందుకు పంపింది.